ఆఫీసును ఇంటికి తేని మనిషి

“చదవనని చెప్పానుగా. మళ్ళీ ఎందుకు తెచ్చి పెట్టారు ఇక్కడ?”

సరోజిని పోపుల డబ్బా పక్కనున్న కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి భోజనాల బల్ల మీదికి విసిరింది. కూలర్ గాలికి అది బల్ల మీద నిలవకుండా ఎగిరి పద్మనాభం కాళ్ళ దగ్గర పడింది.

పద్మనాభం వంగి తీసుకున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెడ దాకా బిగించిన బొత్తాం, పైగా టై. ఏప్రిల్ నెలాఖరు ఢిల్లీ ఎండలో టై ఏమిటండీ అని ఇంకో రోజైతే నవ్వేది సరోజిని. ఈ సాయంత్రంతో ఆయన ఉద్యోగం పూర్తవుతుంది. మధ్యాహ్నం ఆఫీసులో వీడ్కోలు సభ. నవ్వే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

“సరోజా, రెండు నిమిషాల పని. అందరి భార్యలూ చెప్పే మాటలే రాశాను. నీకు కష్టం లేకుండా హిందీ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాశాను. ఇంకేం కావాలి?”

“నాకేం అక్కర్లేదు. అదే చెబుతున్నాను.”

ఆ మంత్రిత్వ శాఖలో అదొక ఆచారం. రిటైరయ్యే ఆఫీసరుతో పాటు భార్యను కూడా వేదిక మీద కూర్చోబెడతారు. బంతిపూల దండ వేస్తారు. ‘మేడమ్ సే భీ దో శబ్ద్’, మేడమ్ కూడా రెండు మాటలు, అని మైకు చేతికిస్తారు. ఏళ్ళ తరబడి ఆ మేడమ్‌లందరూ చెప్పేవి మూడే మాటలు. ఆఫీసువాళ్ళు మంచివాళ్ళు. మా వారు కష్టజీవి. ఇన్నేళ్ళలో మా వారు ఒక్కరోజు కూడా ఆఫీసును ఇంటికి తీసుకురాలేదు. మూడో మాటకు చప్పట్లు. ఆ తర్వాత సమోసాలు.

ఆ మూడో మాటే సరోజిని గొంతులో ముల్లులా దిగింది.

“ఆ ఆఖరి మాట నా నోటితో చెప్పించాలని మీకు ఎలా అనిపించిందండీ?”

“అందులో ఏముంది? మర్యాదకి అనేది.”

“మర్యాదా? అందరి మొగుళ్ళూ అనంతరామయ్యగారిని ఇంటికి పిలవలేదు. సోఫాలో కూర్చోబెట్టి, బిల్లు పాస్ చేసెయ్యి, నేనున్నాను అని చెప్పలేదు. మీరు చెప్పారు. నా చేతి కాఫీ తాగుతూ చెప్పారు.”

పద్మనాభం కిటికీ వైపు చూశాడు. ఆర్.కె. పురం క్వార్టర్ల గోడలకు చెవులు ఎక్కువ. సరిగ్గా కింది ఇల్లే అనంతరామయ్యది.

“మెల్లగా మాట్లాడు.”

“వాళ్ళకు వినపడితే ఏం? కొత్తగా తెలిసేదేముంది వాళ్ళకి?”

కిందటేడు మార్చి ఆఖరు రోజులవి. ఖర్చు కాని బడ్జెట్టు ముప్పై ఒకటో తేదీ దాటితే ఖజానాకు తిరిగిపోతుంది. అందుకని ఆ వారమంతా సర్కారు ఆఫీసులు పెళ్ళివారి ఇళ్ళలా ఉంటాయి. ఎవరు ఏం మోస్తున్నారో, ఎందుకు పరుగెడుతున్నారో ఎవరికీ తెలియదు. కొత్త కంప్యూటర్లు ఇంకా దిగలేదు. సరుకు చూడకుండా బిల్లు పెట్టనని సెక్షన్ ఆఫీసరు అనంతరామయ్య మొరాయించాడు. అండర్ సెక్రటరీ పద్మనాభం అతణ్ణి ఆ సాయంత్రం మేడ మీదికి పిలిచి నచ్చచెప్పాడు.

పైవాళ్ళు నోటితో చెప్పిన పని చేస్తే, ‘అండర్ సెక్రటరీగారితో చర్చించిన ప్రకారం’ అని ఒక్క ముక్క ఫైలు మీద రాసుకోవాలి. చేరిన నెలలోనే ప్రతి గుమస్తాకూ నేర్పే పాఠం అది. అనంతరామయ్య రాసుకోలేదు. ఇద్దరిదీ తెనాలి, ఇద్దరూ రోజూ ఎక్కి దిగేది ఒకే మెట్లు. ఆయన ఇంట్లో కాఫీ తాగి వెళ్ళి, ఆయన మాట మీదే సాక్ష్యం రాసి పెట్టుకోవడానికి ఆ మనిషికి మొహమాటం అడ్డొచ్చింది. మొహమాటమే కొంప ముంచింది.

డబ్బు అందగానే సప్లయరు దుకాణం ఎత్తేశాడు. ఆడిట్‌వాళ్ళు పట్టుకున్నారు. నేను నోటితో ఏ ఆర్డరూ ఇవ్వలేదు అని పద్మనాభం విచారణలో చెప్పాడు. అనంతరామయ్య సస్పెండయి ఏడాది కావస్తోంది. సోమవారం రిపోర్టు మీద సంతకాలు పడతాయట. పడితే అతని ఉద్యోగం ఊడినట్టే.

“నీకేం తెలుసని మాట్లాడుతున్నావు?” పద్మనాభం గొంతు తగ్గించాడు గానీ కోపం తగ్గించలేదు. “నాకు మాత్రం ఎవరు రాసిచ్చారు? భాటియా సాబ్ నడవాలో నడుస్తూ అన్నాడు. ‘పద్మనాభం, కర్ దో’ అన్నాడు, చేసెయ్యి అని. అంతే. జాయింట్ సెక్రటరీ ఆ మాటంటే నేను వెనకాల కాగితం పట్టుకుని పరుగెత్తనా, సంతకం పెట్టండి సార్ అని?”

“మరి విచారణలో ఆ మాట చెప్పాల్సింది.”

“చెబితే ఏమయ్యేది? ఆయన కాదనేవాడు. అనంతరామయ్యతో పాటు నేనూ మునిగేవాణ్ణి.”

“ఇప్పుడు ఆయనొక్కడే మునిగాడు. మీరు ఒడ్డున నిలబడి దండ వేయించుకుంటున్నారు.”

పద్మనాభం ముఖం కందగడ్డలా అయింది. చేతిలోని కాగితాన్ని నలపబోయి, మళ్ళీ అవసరమని గుర్తొచ్చి, బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. ఆ పొదుపు చూసి సరోజినికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“చూడు, ఒక్క సంగతి అర్థం చేసుకో. సాయంత్రం ఆఫీసు మూసేదాకా నేను గవర్నమెంటు నౌకరునే. ఆలోగా ఎవరైనా ఒక్క ఛార్జిషీటు చేతిలో పెడితే గ్రాట్యుటీ ఆగిపోతుంది, పెన్షన్ సగంలో వేలాడుతుంది. ద్వారక ఫ్లాట్ ఆ డబ్బు మీదే ఉంది. ఈ క్వార్టరు ఎలాగూ ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి పోతాం? నీ ధర్మపన్నాలు నెత్తిన పెట్టుకుని ఏ చెట్టు కింద కాపురం పెడతావు?”

సరోజినికీ ఆ సంగతి తెలుసు. ఆయన భయం అబద్ధం కాదు. అదే ఆవిడ ఒళ్ళు ఇంకా మండిస్తోంది. దొంగైతే దొంగా అని తిట్టి ఊరుకునేది. ఈ మనిషి పైసా తినలేదు. పిరికితనంతో పక్కవాడి పీక కోసి, ఏడాదిగా పప్పులో నెయ్యి వేసుకుని కమ్మగా భోంచేస్తున్నాడు.

లోపలి గదిలోంచి వైశాలి వచ్చింది. తడిజుట్టు, భుజం మీద తువ్వాలు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తండ్రి సభ కోసం ఇవాళ సెలవు పెట్టింది. ఆ పిల్లకు తెలుగు అంతా తెలుసు, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంకో భాషలోనే.

“మమ్మీ, క్యా హై యే సుబహ్ సుబహ్? బస్ దో లైన్ హై. బోల్ దో ఔర్ బైఠ్ జావో.”

“నీకూ రెండు లైన్లుగానే కనిపిస్తున్నాయా? చెప్పేసి కూర్చోమంటావా?”

“ప్లీజ్ మమ్మీ, పాపా కా లాస్ట్ డే హై.”

“ఆ సాయంత్రం నువ్వూ ఇంట్లోనే ఉన్నావు కదే. లోపల కంప్యూటర్ ముందు కూర్చునున్నావు. తలుపు తీసే ఉంది.”

“ముఝే కుఛ్ యాద్ నహీ,” అంది వైశాలి.

అడిగింది పూర్తికాకముందే అనేసింది. అంత చప్పున గుర్తులేదన్నవాళ్ళకు అంతా గుర్తున్నట్టే. సరోజిని కూతురి ముఖంలోకి చూసింది. వైశాలి తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది. పద్మనాభం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి భార్య హ్యాండ్‌బ్యాగులో తనే పెట్టాడు.

ఆఫీసు కారు కింద హారన్ కొట్టింది. సరోజిని పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అందరికంటే ముందు మెట్లు దిగింది. కింది అంతస్తు తలుపు తీసి ఉంది. మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి కూరగాయల బండివాడి దగ్గర కొన్న తోటకూర కట్ట విప్పుకుంటోంది. అనంతరామయ్య భార్య. పదేళ్ళు ‘వదినా’ అంటే ‘వదినా’ అనుకున్న మనిషి. ఏడాదిగా ఇద్దరి మధ్యా పలుకు లేదు.

సరోజిని ఆగింది. ఆగకుండా వెళ్ళిపోతే బాగుండేదని కాళ్ళకు తెలుసు, కానీ కాళ్ళే ఆగాయి.

“సభకా?” అంది మాణిక్యాంబ, తోటకూర మీదినుంచి చూపు తిప్పకుండా.

“అవును.”

“చీర బాగుంది, సరోజినిగారూ.”

ఆ ‘గారూ’ చెంప మీద కొట్టినట్టు తగిలింది.

“వదినా, ఆయన ఎలా ఉన్నారు?”

“ఎలా ఉంటారు? పొద్దున్నే గడ్డం గీసుకుని చొక్కా తొడుక్కుంటారు. తొడుక్కుని మంచం మీద కూర్చుంటారు. ఆఫీసుకి వెళ్ళక్కర్లేదని అప్పుడు గుర్తొస్తుంది. ఏడాదిగా రోజూ ఇంతే.” మాణిక్యాంబ ఒక పండాకు తుంచి పక్కన పడేసింది. “మీ ఆయన్ని నేను తిట్టను. మగాళ్ళు, వాళ్ళ ఉద్యోగాలు. వాళ్ళకి వాళ్ళ భయాలు. నాకు కోపం మీ మీదే.”

“నా మీదా?”

“మరి? ఆ సాయంత్రం ఆయన పైనుంచి దిగి వచ్చి ఏమన్నారో తెలుసా? ‘సరోజినక్కయ్య ఫిల్టర్ కాఫీ ఇచ్చింది, పద్మనాభంగారు ధైర్యం చెప్పారు, ఇంక ఫర్వాలేదు’ అన్నారు. మీరు అక్కడే ఉన్నారు. విన్నారు. ఏడాదిగా మా ఇంటి ముందునుంచి గాజులు చప్పుడు కాకుండా పట్టుకుని దిగుతున్నారు. ఆ గాజులు పట్టుకున్న చేత్తో ఒకసారి తలుపు కొట్టి, నిజమే వదినా, నేను విన్నాను అనుంటే నాకు చాలును. ఉద్యోగం నిలబెట్టమని నేనేం అడగలేదు.”

వెనక మెట్ల మీద పద్మనాభం బూట్ల చప్పుడు వినిపించింది. మాణిక్యాంబ తోటకూర ఒళ్ళో వేసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు, మామూలుగానే వేసుకుంది.

కారులో పద్మనాభం ముందు సీట్లో కూర్చున్నాడు. ధౌలా కువాన్ దగ్గర బండ్లు నిలిచిపోయినప్పుడు వెనక్కి తిరిగి, “మూడే మాటలు, సరోజా,” అన్నాడు. సరోజిని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. వైశాలి చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

సరోజినికి మొగుడి మీద కోపం, కూతురి మీద కోపం, అన్నిటికంటే తన మీద కోపం. ఏడాది పాటు గాజులు పట్టుకుని నడిచింది నిజమే. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అనుకుంటూ వచ్చింది. అడగనివాళ్ళదే తప్పన్నట్టు.

కమిటీ రూము నిండింది. కాగితం ప్లేట్లలో సమోసా, రసగుల్లా, ఇన్ని చిప్స్. వేదిక మీద నాలుగు కుర్చీలు. మధ్యలో జాయింట్ సెక్రటరీ భాటియా. పక్కన పద్మనాభం, ఆయన పక్కన సరోజిని. భాటియాకు అవతలి కుర్చీలో పాలనా విభాగం కమల. కార్యక్రమం నడిపేది ఆవిడే. భాటియా ముందు బల్ల మీద శాలువా, ఒక సూట్‌కేసు, ఒక గోధుమరంగు కవరు. పెన్షన్ కాగితాలూ గ్రాట్యుటీ చెక్కూ రిటైరయ్యే రోజునే చేతికివ్వడం ఆ ఆఫీసువాళ్ళు గొప్పగా చెప్పుకునే సంగతి.

ముందు ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. పద్మనాభం సాబ్ ఫైలు ఆపరు, పద్మనాభం సాబ్ కోప్పడరు. తర్వాత భాటియా లేచాడు. నున్నటి మాట, నున్నటి నవ్వు.

“మన శాఖకు కిందటేడు ఒక మచ్చ పడింది,” అన్నాడు హిందీలో. “పేర్లు ఎందుకు? అందరికీ తెలుసు. అలాంటి గాలివానలో కూడా పద్మనాభంగారి చొక్కా మీద చుక్క పడలేదు. నిజాయితీ అంటే ఇది. కుర్రాళ్ళు నేర్చుకోవాలి.”

చప్పట్లు కొట్టారు. పద్మనాభం తల వంచుకుని నమస్కారం పెట్టాడు. సరోజిని ఆ నమస్కారం చూసింది. ‘కర్ దో’ అన్నవాడు పొగుడుతున్నాడు, ‘నేనున్నాను’ అన్నవాడు దణ్ణం పెడుతున్నాడు. ఆ మాట నమ్మినవాడు ఆర్.కె. పురంలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. ఎంత సిగ్గులేనితనం, ఎంత తెగింపు అనుకుంది.

“ఇప్పుడు మేడమ్ రెండు మాటలు చెబుతారు,” అంది కమల.

సరోజిని లేచింది. హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసి మడతలు విప్పింది. పద్మనాభం గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

“మీరందరూ చాలా మంచివాళ్ళు,” అని చదివింది. “మా వారు చాలా కష్టపడ్డారు,” అని చదివింది.

అంతే, జనం చప్పట్లు మొదలుపెట్టేశారు. మూడో మాట ఏమిటో అందరికీ కంఠతా వచ్చు. సమోసాలు చల్లారిపోతున్నాయి. వెనక వరసలో ఒకాయన అప్పుడే ప్లేటు అందుకున్నాడు. కమల మైకు తీసుకోవడానికి చెయ్యి చాచింది.

అక్కడితో కూర్చుంటే అయిపోయేది. ఆ మాట చెప్పక్కర్లేకుండానే చప్పట్లు వచ్చాయి. అబద్ధమాడిన పాపం కూడా అంటదు. పద్మనాభం కుర్చీలోంచే, చాలు కూర్చో అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగే ఆవిణ్ణి నిలబెట్టేసింది.

“ఆగండి,” అంది. “మీరు చప్పట్లు కొట్టిన మాట నేనింకా చెప్పలేదు.”

నవ్వారు కొందరు. మేడమ్ సరదా మనిషనుకున్నారు.

సరోజిని కాగితం బల్ల మీద పెట్టేసింది. ఆవిడ హిందీ కూరల మార్కెట్ హిందీ. ఏ మాట ఆడ, ఏ మాట మగ అన్నది ఎప్పుడూ తారుమారే. ఆ రోజు అదేం పట్టించుకోలేదు.

“మా వారు ఆఫీసును ఇంటికి తీసుకురాలేదని చెప్పమన్నారు. తెచ్చారు. కిందటేడు మార్చిలో తెచ్చారు. అనంతరామయ్యగారిని మా సోఫాలో కూర్చోబెట్టారు. ఆయన, సరుకు రాలేదు, బిల్లు పెట్టను అన్నారు. ఈయన, పెట్టు, నేనున్నాను అన్నారు. కాఫీ ఇచ్చింది నేను. నా రెండు చెవులతో విన్నాను.”

ప్లేటు అందుకున్నాయన దాన్ని మళ్ళీ కింద పెట్టాడు.

“విచారణలో అందరినీ అడిగారట. నన్నెవరూ అడగలేదు. భార్యల్ని ఎవరడుగుతారు? దండ వేస్తారు, రసగుల్లా పెడతారు. ఇవాళ మీరే పిలిచి మైకిచ్చి మాట్లాడమన్నారు కాబట్టి చెబుతున్నాను. అనంతరామయ్యగారు అబద్ధం చెప్పలేదు. సోమవారం సంతకం పెట్టేవాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే ఆ మాట చెవిన వేసుకోండి.”

కూర్చుంది. చీర కొంగు ఒళ్ళోకి లాక్కుని చేతుల మీద కప్పుకుంది.

భాటియా నవ్వు ముఖం మీద అలాగే ఉంది గానీ కళ్ళు మాత్రం పద్మనాభం మీదికి తిరిగాయి. ఆ చూపుకు పద్మనాభం లేచాడు. మైకు అందుకున్నాడు. ఆయన ఉపన్యాసం ఇంగ్లీషులో రాసుకుని వారం రోజులు అద్దం ముందు చదువుకున్నాడు. అది జేబులోనే ఉండిపోయింది.

“మిత్రులారా, క్షమించండి,” అన్నాడు. గొంతు మెత్తగా, బాధగా పలికింది. “మా ఆవిడకి కొంతకాలంగా ఒంట్లో బాగుండటం లేదు. వాళ్ళ అమ్మగారు పోయినప్పటినుంచీ మనసు కుదురుగా లేదు. డాక్టరు మందులు వాడుతున్నాం. ఆ కేసు గురించి ఇంట్లో విని విని, ఏవేవో ఊహించుకుని... ఇంట్లో సంగతి ఇలా బయట చెప్పుకోవాల్సి వస్తుందనుకోలేదు. దయచేసి మనసులో పెట్టుకోకండి.”

హాలు హాలంతా అయ్యో అన్నట్టు సర్దుకుంది.

సరోజినికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా భగ్గుమంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. తను వేసుకునేది బీపీ మాత్ర. ముప్పై ఏళ్ళు ఈ మనిషికి వండి పెట్టింది, జ్వరమొస్తే తల కింద చెయ్యి పెట్టి పాలు తాగించింది. ఇంతమందిలో పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టడానికి ఆయనకు అరనిమిషం కూడా పట్టలేదు.

“నాకు పిచ్చి లేదు,” అంది. మైకు లేదు. వినిపించింది ముందు వరస వాళ్ళకే, వాళ్ళు జాలిగా తలలూపారు.

కమల నీళ్ళ గ్లాసు తెచ్చింది. “తాగండి ఆంటీ, కాసేపు బయట కూర్చుందాం రండి.” ఇంకో ఆవిడ వచ్చి వీపు నిమిరింది. భాటియా వంగి, “మేడమ్‌ని ఇంటికి తీసుకెళ్ళండి, కారు సిద్ధంగా ఉంది,” అన్నాడు పద్మనాభంతో. ఎంత దయ, ఎంత మర్యాద. సరోజిని ఆ నీళ్ళు ముట్టలేదు.

రెండో వరసలోంచి వైశాలి లేచింది. తిన్నగా వేదిక ఎక్కింది. తల్లి పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. తనను తీసుకెళ్ళడానికే వచ్చిందనుకుంది సరోజిని. ‘ఇది కూడానా’ అనుకుంది. దులిపేసుకోవాలని భుజం కదిపింది.

వైశాలి ఇంకో చేత్తో తండ్రి ముందునుంచి మైకు లాక్కుంది.

“మమ్మీ కీ తబియత్ బిల్కుల్ ఠీక్ హై,” అంది. మమ్మీకి ఏ జబ్బూ లేదని.

“వైశాలీ, దిగు,” అన్నాడు పద్మనాభం పళ్ళు బిగించి.

ఆ పిల్ల దిగలేదు. హిందీలోనే చెప్పుకుపోయింది. తను వాళ్ళ కూతురినని చెప్పింది. ఆ రోజు లోపలి గదిలో ఉన్నానని, తలుపు తీసే ఉందని చెప్పింది. “అంకుల్ రెండుసార్లు కాదన్నారు. ఆయన గొంతు వణికింది. పాపా ‘నేనున్నాను’ అన్నారు. నేను విన్నాను. ఏడాదిగా గుర్తులేదని చెబుతున్నాను. ఇవాళ పొద్దున కూడా చెప్పాను. పాపా పెన్షన్ పోతుందని చెప్పాను.” అంతవరకూ బాగానే మాట్లాడింది. “మమ్మీని ఇలా అనడం...” అని ఆపేసి మైకు బల్ల మీద పెట్టేసింది.

పద్మనాభం కుర్చీలో కూలబడ్డాడు. టై ముడి వదులు చేసుకోబోయాడు, వేళ్ళకు చిక్కలేదు.

అప్పుడు కదిలాడు భాటియా. తొందరేం లేదు. శాలువా మడత సరిచేసి పక్కకు జరిపాడు. గోధుమరంగు కవరు అందుకుని తన డైరీలో పెట్టుకుని మూసేశాడు.

“కమలాజీ, ఇది ఇవాళ ఇవ్వడం కుదరదు. విజిలెన్స్ సెక్షన్‌లో ఎవరున్నారో పైకి రమ్మనండి. విషయం గంభీరం. నాకీ సంగతి ఇప్పుడే తెలుస్తోంది,” అన్నాడు. ‘ఇప్పుడే’ అన్న మాట మరీ స్పష్టంగా అన్నాడు.

కమల ఒకసారి పద్మనాభాన్ని, ఒకసారి భాటియాను చూసి బయటికి వెళ్ళింది. జనం లేవాలో కూర్చోవాలో తెలియక సగం సగం లేచారు.

పద్మనాభం భార్య వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎవరికీ అర్థం కాకుండా తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

“నీ కడుపు చల్లబడిందా?”

నిజం చెప్పేస్తే కడుపు చల్లబడుతుందనే ఆవిడా అనుకుంది. చల్లబడలేదు. ఫ్లాట్ గుర్తొచ్చింది, కూతురి పెళ్ళి గుర్తొచ్చింది, రేపటి నుంచి ఈ మనిషితో ఒకే కప్పు కింద ఎలా ఉండాలో తెలియలేదు. భయం వేసింది. కానీ ఆ భయం మీద కోపమే పైచేయి అయింది. ఆ కోపం మొదటిసారి మొగుణ్ణి దాటి పక్క కుర్చీ మీద పడింది.

“లేదు,” అంది తెలుగులోనే, కాస్త గట్టిగానే. “మీకు ‘కర్ దో’ అన్న పెద్దమనిషి అదిగో, ఏమీ ఎరగనట్టు మీ కవరు మూసి పెట్టుకుంటున్నాడు. నన్ను పిచ్చిదాన్ని చెయ్యడానికి నోరు లేచింది కదా. ఆయన పేరు చెప్పడానికి లేవదేం?”

పద్మనాభం భార్యను చూశాడు. భాటియాను చూశాడు. ఏళ్ళ తరబడి ఏ చూపుకు లేచి నిలబడ్డాడో ఆ చూపే ఇప్పుడూ ఆయన మీద ఉంది.

భాటియాకు తెలుగు రాదు. అయినా ఆవిడ మాటల మధ్యలో రెండు హిందీ ముక్కలు పట్టుకున్నట్టున్నాడు. డైరీ మీద చెయ్యి అలాగే ఉంచి, మైకును పద్మనాభం ముందుకు నెట్టాడు. నవ్వు మాత్రం పోయింది.

“పద్మనాభంజీ, మేడమ్ క్యా కహ్ రహీ హైఁ?” అని, మేడమ్ ఏమంటున్నారో అడిగాడు. “అందరికీ వినపడేలా చెప్పండి.”

పద్మనాభం బల్ల అంచు పట్టుకుని లేచాడు.